వృద్ధి కారకం గుమ్మం బయటే ఆగిపోతే కబురు లోపలికి ఎలా చేరుతుంది?

ఓయూ_విద్యార్థిని రాశారు:

అందరికీ నమస్కారం. నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. "వృద్ధి కారకం కణత్వచం మీది గ్రాహకానికి అతుక్కోగానే సంకేతం లోపలికి ప్రసారమవుతుంది" అనే వాక్యాన్ని డిగ్రీ నుంచి ఇప్పటివరకు ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్కలేదు. మార్కులు కూడా వచ్చాయి. ప్రాజెక్టు కోసం ప్రయోగశాలకు వెళ్ళడం మొదలుపెట్టాక ఆ వాక్యంలో "ప్రసారమవుతుంది" అన్న మాట దగ్గర నాకేమీ తెలియదని అర్థమైంది. ఈజీఎఫ్ అనే వృద్ధి కారక ప్రోటీన్ త్వచాన్ని దాటి లోపలికి రాకుండానే కబురు చెబుతుందంటున్నారు. మరి లోపలికి వచ్చేది ఏమిటి?

రెండో సంగతి. హీలా కణాలను (ప్రయోగశాలల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) రాత్రంతా సీరం లేని, అంటే బయటి వృద్ధి కారకాలు అందని మాధ్యమంలో ఉంచి, ఉదయాన్నే మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల చొప్పున ఈజీఎఫ్ వేసి, 5 నిమిషాల తరవాత కణాలను చిదిపి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేశాను. ఫాస్ఫోటైరోసిన్‌ను, అంటే ఫాస్ఫేట్ అతికిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని గుర్తించే యాంటీబాడీతో చూస్తే ఈజీఎఫ్ వేసిన వరుస, వేయని వరుస రెండూ ఖాళీగా ఉన్నాయి. రెండుసార్లు చేసినా అదే ఫలితం. సిద్ధాంతం సరిగా అర్థమైతే తప్పు ఎక్కడ జరిగిందో నాకే తెలుస్తుందని ఆశపడుతున్నాను.

నల్లకుంట_మాస్టారు రాశారు:

అమ్మా, నీ మొదటి ప్రశ్న తీసుకుంటాను. రెండోది ప్రయోగశాలలో చేతులు తడిసినవాళ్ళు చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి.

ఈజీఎఫ్ కథ ఎలుక పిల్లల కళ్ళ దగ్గర మొదలవుతుంది. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు సూదితో ఎక్కించగా, మామూలుగా పన్నెండు పద్నాలుగు రోజులకు విచ్చుకోవలసిన కనురెప్పలు ఆరేడు రోజులకే విచ్చుకున్నాయి, పళ్ళు కూడా ముందే వచ్చాయి. చూసినవాళ్ళు ఏదో కలుషితం అనుకుని వదిలేయగలిగిన విషయమది. ఆయన వదలకుండా ఆ పదార్థాన్ని శుద్ధి చేసి 1962 లో ప్రకటించారు. అది 53 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రోటీన్. ఆయనకు, నాడీ వృద్ధి కారకాన్ని కనుగొన్న రీటా లెవీ మోంటాల్చీనీకి కలిపి 1986 లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ప్రోటీన్ చర్మకణాలను ఎలా కదిలిస్తుందన్నది మరో పదహారేళ్ళు తెలియలేదు. 1978 లో కోహెన్ బృందం ఏ431 అనే క్యాన్సర్ కణాల త్వచాలను మాత్రమే వేరుచేసి, వాటికి ఈజీఎఫ్‌నూ, రేడియోధార్మిక ఫాస్ఫేట్ ఉన్న ఏటీపీ అనే శక్తి అణువునూ కలిపినప్పుడు, త్వచంలోని ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అతుక్కోవడం పెరిగింది. కణం లేదు, కేంద్రకం లేదు, ఉన్నది త్వచం ముక్కలే. అంటే ఫాస్ఫేట్ పెట్టే పని త్వచంలోనే జరుగుతోందన్నమాట. కొద్దికాలానికి ఆ పని చేస్తున్నది గ్రాహకమే అని తేలింది. బయట ఈజీఎఫ్‌ను పట్టుకునే చెయ్యి, లోపల ఫాస్ఫేట్ పెట్టే చెయ్యి ఒకే ప్రోటీన్‌కు ఉన్నాయి.

మన ఇళ్ళలో శుభకార్యానికి పిలవాలంటే పత్రిక ఒకటి గుమ్మంలో పడేసి రావడం పిలుపు కాదు, బొట్టు పెట్టి చెప్పాలి. కణంలో ఫాస్ఫేట్ అలాంటి బొట్టు. ఈజీఎఫ్ బయట తాళంచెవిలా తాళంలో పడుతుంది, లోపల బొట్టు పెట్టే పని మొదలవుతుంది.

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

మాస్టారి బొట్టు ఉపమానం నాకు చాలా నచ్చింది, దాన్ని వదలను. తాళం-తాళంచెవి ఉపమానాన్ని మాత్రం ఇక్కడ పక్కన పెట్టమని గౌరవంతో కోరుతున్నాను. తాళంచెవి తిప్పితే తాళం లోపలి భాగాలు కదులుతాయి. ఈ గ్రాహకం అలా కదలడానికి వీలైన కట్టడం కాదు.

ఈజీఎఫ్ గ్రాహకం బయటి భాగాన్నీ లోపలి భాగాన్నీ కలిపేది త్వచంలో దిగిన ఒకే ఒక్క సన్నని సర్పిలం. అందులో ఉన్నవి ఇరవై పైచిలుకు అమైనో ఆమ్లాలు. త్వచంలోని కొవ్వు పొర తేనెలాగా మెత్తగా, కదులుతూ ఉంటుంది. అందులో నిలబడ్డ ఒంటి కడ్డీ పై కొసను పట్టుకుంటే కింది కొసకు నమ్మకంగా తెలిసే మార్పు ఏముంటుంది? ఈ చిక్కుకు ప్రకృతి ఇచ్చిన జవాబు, ఒక గ్రాహకాన్ని తిప్పడానికి బదులు రెండింటిని దగ్గరకు చేర్చడం. బయట జతకూడితే లోపలి తోకలు కూడా పక్కపక్కకు వస్తాయి. 1980ల చివర్లో యోసెఫ్ ష్లెస్సింగర్, యోసెఫ్ యార్డెన్ ఈ జతకట్టే సూత్రాన్ని ముందుకు తెచ్చారు.

ఆ జత ఎలా కుదురుతుందో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రెండు గ్రాహకాల మధ్య ఈజీఎఫ్ జిగురులా కూర్చుంటుందని చాలామంది ఊహించారు. 2002 లో స్ఫటిక నిర్మాణాలు వెలువడినప్పుడు రెండు ఈజీఎఫ్ అణువులు జంటకు చెరో వెలుపలి వైపున, ఒకదానినొకటి ముట్టుకోనంత దూరంగా కనిపించాయి. గ్రాహకం బయటి భాగంలో నాలుగు ఖండాలున్నాయి. రెండో ఖండం నుంచి పొడుచుకువచ్చిన ఒక చెయ్యి, ఈజీఎఫ్ లేనప్పుడు నాలుగో ఖండంలో ముడుచుకుని ఉంటుంది. ఒకటో, మూడో ఖండాలు ఈజీఎఫ్‌ను ఇటూ అటూ పట్టుకోగానే మొత్తం నిర్మాణం విచ్చుకుని ఆ ముడిచిన చెయ్యి బయటపడుతుంది. అలాగే విచ్చుకున్న పొరుగు గ్రాహకం చేతిని అది పట్టుకుంటుంది. పట్టుకునేది గ్రాహకం చెయ్యే, ఈజీఎఫ్ దాన్ని ముడి విప్పుతుంది, అంతే.

అన్ని గ్రాహకాలూ ఇలాగే చేస్తాయనుకోకూడదు. పీడీజీఎఫ్ అనే కారకం తానే జంటగా ఉంటుంది కాబట్టి రెండు గ్రాహకాలను నిజంగానే వంతెనలా కలుపుతుంది. ఇన్సులిన్ గ్రాహకమైతే పుట్టుకతోనే గంధక బంధాలతో జంటగా ఉంటుంది. ఇన్సులిన్ వచ్చినప్పుడు మారేది ఆ జంట కూర్చున్న తీరు. మనిషిలో ఈ టైరోసిన్ కైనేజ్ (టైరోసిన్‌కు ఫాస్ఫేట్ పెట్టే) గ్రాహకాలు మొత్తం 58, కుటుంబాలు 20.

ఇక లోపల. రెండు కైనేజ్ భాగాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలబడి ఒకదానికొకటి ఫాస్ఫేట్ పెట్టుకుంటాయని మనం పాఠాల్లో చదివాం. 2006 లో జాన్ కురియన్ బృందం చూపింది వేరు. ఈజీఎఫ్ గ్రాహకంలో ఒక కైనేజ్ తన కింది భాగంతో రెండోదాని పై భాగాన్ని నెట్టి దాన్ని పనిలోకి దించుతుంది. ఒకటి నెట్టేది, ఒకటి పనిచేసేది. తోకల మీది టైరోసిన్లకు ఫాస్ఫేట్ పెట్టేది ఆ రెండోది.

ఓయూ_విద్యార్థిని రాశారు:

మేడమ్, ఇన్నాళ్ళూ నా నోట్సులో అద్దంలో ప్రతిబింబాల బొమ్మే ఉంది. ఈ రోజే దిద్దుకున్నాను. తోకకు బొట్టు పెట్టడం అయింది. ఆ బొట్టును చూసేది ఎవరు?

నల్లకుంట_మాస్టారు రాశారు:

తాళంచెవి మాట వెనక్కి తీసుకుంటున్నాను. పరిశోధకురాలు గారు చెప్పినది నాకూ కొత్తే, చదివి సంతోషించాను.

బొట్టును చూసే కన్ను పేరు ఎస్‌హెచ్2. దాదాపు వంద అమైనో ఆమ్లాల ముక్క. 1986 లో టోనీ పాసన్ బృందం దీన్ని గుర్తించింది. చాలా ప్రోటీన్లలో ఈ ముక్క అచ్చు పోసినట్టు ఉంటుంది. దీనికి రెండు గుంటలు. ఒక గుంటలో ఫాస్ఫేట్ పెట్టిన టైరోసిన్ దిగుతుంది; రెండోది దాని తరవాత వచ్చే రెండు మూడు అమైనో ఆమ్లాలను తడిమి చూస్తుంది. అందుకని బొట్టు ఒక్కటే చాలదు, ఇంటి నంబరు కూడా కలవాలి. గ్రబ్2 అనే ప్రోటీన్, టైరోసిన్ తరవాత రెండో స్థానంలో ఆస్పరజీన్ ఉంటేనే ఆగుతుంది. పీఐ3 కైనేజ్‌కు మూడో స్థానంలో మెథియొనీన్ కావాలి. ఒకే తోక మీద వేర్వేరు చోట్ల పెట్టిన బొట్లకు వేర్వేరు చుట్టాలు వస్తారు.

గ్రబ్2 ఒంటరిగా రాదు. దాని చేతిలో సాస్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ సాస్ ఎక్కడ దొరికిందో తెలుసా? ఈగ కంట్లో. డ్రోసోఫిలా ఈగ సంయుక్త నేత్రంలో ఒక్కో చిన్న కంటికి ఎనిమిది కాంతి గ్రాహక కణాలుంటాయి. ఏడోది పుట్టడానికి కావలసిన గ్రాహకం పాడైతే ఆ కణం రాదు కాబట్టి ఆ జన్యువుకు సెవెన్‌లెస్ అని పేరు పెట్టారు. దాని కింద పనిచేసే జన్యువుకు దాని కొడుకు (సన్ ఆఫ్ సెవెన్‌లెస్) అని పేరు పెట్టారు, అదే సాస్. అరటిపండు మీద వాలే ఈగ కంటిలో వెతికినవాళ్ళకు మనిషి క్యాన్సర్‌లో ఉన్న దారి దొరికింది. నేను తరగతిలో ఈ సంగతి చెప్పిన రోజు వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తేవారు.

సాస్ చేసే పని చిన్నది. త్వచం లోపలి ముఖానికి అతుక్కుని ఉన్న రాస్ అనే ప్రోటీన్ చేతిలోని జీడీపీని వదిలించి జీటీపీ పట్టుకోనిస్తుంది. జీడీపీతో రాస్ ఊరుకుంటుంది, జీటీపీతో పనిలోకి దిగుతుంది. సాస్ ఇంతకుముందూ కణంలోనే ఉంది, రాస్ కూడా ఉంది. కొత్తగా ఏదీ తయారు కాలేదు. గ్రాహకం తోక దగ్గరకు వచ్చినందువల్ల సాస్ ఇప్పుడు త్వచం పక్కన, రాస్ ఎదుట నిలబడింది. నీ ప్రశ్నకు నా జవాబు ఇదేనమ్మా. లోపలికి వచ్చినది వస్తువు కాదు. లోపల అప్పటికే తిరుగుతున్నవాళ్ళు ఎవరు ఎవరి పక్కన నిలబడతారన్నది మారింది, ఆ మార్పే కబురు.

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

అక్కడి నుంచి క్లుప్తంగా చెబుతాను, ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. జీటీపీ పట్టిన రాస్ రాఫ్ అనే ప్రోటీన్‌ను పిలుస్తుంది, రాఫ్ మెక్‌కు, మెక్ ఎర్క్‌కు ఫాస్ఫేట్ పెడతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను మేల్కొలిపే కారకాలను మారుస్తుంది. పక్క దారిలో పీఐ3 కైనేజ్ త్వచంలోని కొవ్వుకే ఫాస్ఫేట్ పెట్టి ఏకేటీ అనే ప్రోటీన్‌ను రప్పిస్తుంది, కణం బతకడానికీ పెరగడానికీ అది ముఖ్యం. మూడో దారిలో ఫాస్ఫోలైపేజ్ సీ-గామా కాల్షియంను విడుదల చేయిస్తుంది. టీజీఎఫ్-బీటా అనే మరో వృద్ధి కారకం గ్రాహకాలు ఈ కోవలోవి కావు. అవి సెరీన్, థ్రియొనీన్‌లకు ఫాస్ఫేట్ పెడతాయి. వాటిని ఈ చర్చలో కలపకుండా ఉంటే మంచిది.

మలక్‌పేట_పాఠకుడు రాశారు:

నేను సైన్సు చదివినవాణ్ణి కాదు, మలక్‌పేటలో చిన్న వ్యాపారం. రాస్ అనే పేరు చూసి ఆగిపోయాను. మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్, కాలేయానికి పాకింది. ఒక ఆసుపత్రిలో "కేరాస్ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంజక్షను మొదలుపెట్టలేము" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేకపోయారు, రిపోర్టు కోసం మూడు వారాలు తిరిగాం. మార్పు ఉందని వచ్చింది, ఆ ఇంజక్షను వద్దన్నారు. డబ్బు సరిపోదని అలా చెప్పారేమో అని ఇంట్లో ఈనాటికీ అనుకుంటున్నాం. మీరు మాట్లాడుతున్న రాస్, ఆ కేరాస్ ఒకటేనా?

క్యాన్సర్_వైద్యుడు రాశారు:

అయ్యా, రెండూ ఒకటే. కేరాస్ అన్నది రాస్ కుటుంబంలో ఒకటి. ఆ విషయం మీకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండవలసింది. మీ నాన్నగారి రిపోర్టులు నేను చూడలేదు కనుక ఆయన చికిత్స గురించి కాకుండా కారణం మాత్రం చెబుతాను.

మీరు చెబుతున్న ఇంజక్షను బహుశా సెటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీ. అది పైన చెప్పిన ఈజీఎఫ్ గ్రాహకం బయటి భాగంలో మూడో ఖండానికి అడ్డంగా కూర్చుని, ఈజీఎఫ్ అతుక్కోకుండా చేస్తుంది. గుమ్మం మూసేస్తుందన్నమాట. మామూలు రాస్ గుమ్మం నుంచి పిలుపు వస్తేనే జీటీపీ పట్టుకుంటుంది, కాసేపటికి గ్యాప్ అనే ప్రోటీన్ సాయంతో ఆ జీటీపీని జీడీపీగా తెంచి చల్లబడుతుంది. కేరాస్ పన్నెండో స్థానంలో గ్లైసీన్ బదులు వేరే అమైనో ఆమ్లం వస్తే గ్యాప్ సాయం చేయలేదు, తెంచడం జరగదు. జీటీపీ పట్టుకున్న రాస్ అలాగే ఉండిపోతుంది. ఇంటి లోపల పొయ్యి మీద పాలు పొంగుతుంటే వీధి తలుపు మూసి లాభమేముంటుంది? పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు నూటికి నలభైమందిలో కేరాస్ మార్పు ఉంటుంది. అలాంటివారికి ఈ మందు ఉపకరించదని 2008 నాటికి పెద్ద పరీక్షల్లో స్పష్టమైంది. అందుకే మందుకు ముందు పరీక్ష తప్పనిసరి అయింది. వద్దనడం డబ్బు గురించి కాదని, ఉపయోగం లేని మందు దుష్ఫలితాల నుంచి ఆయనను తప్పించడానికేనని మీ ఇంట్లో నిశ్చింతగా చెప్పండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ కొందరిలో ఈజీఎఫ్ గ్రాహకం కైనేజ్ భాగంలోనే మార్పు ఉంటుంది, ఈజీఎఫ్ రాకపోయినా గ్రాహకం పనిచేస్తూనే ఉంటుంది. తప్పు గ్రాహకంలోనే ఉంది కాబట్టి దాని ఏటీపీ గుంటలో దూరే గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి మాత్రలు బాగా పనిచేస్తాయి. తరవాత 790వ స్థానంలో ఇంకో మార్పు వచ్చి మాత్ర పట్టు తప్పడం, దానికి ఓసిమెర్టినిబ్ రావడం మరో పెద్ద కథ. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే చెల్లెలి గ్రాహకం ఉంది. దానికి సొంత కారకమేదీ లేదు, దాని చెయ్యి ఎప్పుడూ విచ్చుకునే ఉంటుంది. ఎవరైనా జతకు వస్తే సిద్ధం. కణం మీద అది కుప్పలు తెప్పలుగా పేరుకున్న రొమ్ము క్యాన్సర్లు నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా ఉంటాయి. 1998 లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ వారి కోసమే.

మలక్‌పేట_పాఠకుడు రాశారు:

డాక్టరు గారూ, పొయ్యి మీద పాల సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. మూడు నెలలుగా మా అన్నదమ్ముల మధ్య ఉన్న మాట ఈ రోజు తీరింది. ధన్యవాదాలండీ.

శామీర్‌పేట_ఉద్యోగి రాశారు:

క్యాన్సర్ మాటలే వింటే ఈజీఎఫ్ అంటే భయం కలుగుతుంది కనుక ఒక చిన్న మాట. మన ఊరి పక్కన జీనోమ్ వ్యాలీలోనే భారత్ బయోటెక్ సంస్థ మానవ ఈజీఎఫ్‌ను రీకాంబినెంట్ పద్ధతిలో తయారుచేసి, మధుమేహుల కాలి పుండ్ల కోసం రీజెన్-డి అనే పూతమందుగా తెచ్చింది. మధుమేహం ఉన్నవారి పుండు అంచున చర్మకణాలు కదలకుండా నిలబడిపోతాయి. అక్కడ ఈజీఎఫ్ రాస్తే కణాలు విభజన చెంది, పుండు మీదికి పాకడం మొదలుపెడతాయి. కోహెన్ చూసిన ఎలుక పిల్లల కనురెప్పల్లో జరిగింది కూడా చర్మకణాల ఎదుగుదలే.

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

విద్యార్థిని గారూ, మీ ఖాళీ బ్లాట్ సంగతికి వస్తాను. డాక్టరు గారు రాస్ గురించి చెప్పినదానిలోనే మీ జవాబు కూడా ఉంది. పెట్టడం ఎంత ముఖ్యమో తీసెయ్యడం అంతే ముఖ్యం. కణంలో ఫాస్ఫేట్ పెట్టిన అమైనో ఆమ్లాలన్నిటిలో టైరోసిన్ వాటా నూటికి ఒక వంతులో పదో వంతు కూడా ఉండదు. అంత అరుదుగా ఉండడానికి ఒక పెద్ద కారణం, ఫాస్ఫేట్‌ను తీసేసే టైరోసిన్ ఫాస్ఫటేజులు కణం నిండా చురుగ్గా తిరుగుతుండడమే. మీరు కణాన్ని చిదిపిన క్షణంలో గ్రాహకాల తోకలు, ఫాస్ఫటేజులు ఒకే గొట్టంలో కలిసిపోతాయి. ఆపే మందు లేకపోతే మీరు జెల్ ఎక్కించేలోపు బొట్లన్నీ చెరిగిపోతాయి.

ఆ మందు వనడేట్. ఇది టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ను ఆపుతుందని 1982 లో ఘనశ్యామ్ స్వరూప్ గారు స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్‌లతో కలిసి ప్రకటించారు. ఆ స్వరూప్ గారే తరవాత మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో చాలా ఏళ్ళు టైరోసిన్ ఫాస్ఫటేజుల మీద పనిచేశారు. ప్రపంచంలో ఫాస్ఫోటైరోసిన్ బ్లాట్ చేసే ప్రతి బల్ల మీద వనడేట్ సీసా ఉంటుంది. మన తార్నాక, హబ్సిగూడ రోడ్డు మీద బస్సులో వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి తెలియాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పండి. మీ వనడేట్ ద్రావణం ఏ రంగులో ఉంది? మరగబెట్టారా? చిదిపే బఫర్‌లో ఈడీటీఏ, డీటీటీ అనే రసాయనాలు ఉన్నాయా? బ్లాట్‌ను దేనిలో నానబెట్టారు?

ఓయూ_విద్యార్థిని రాశారు:

మేడమ్, లేత పసుపు రంగులో ఉంది. సీనియరు కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసా. మరగబెట్టాలని నాకు తెలియదు. ఈడీటీఏ ఉంది. బ్లాట్‌ను పాలపొడి కలిపిన బఫర్‌లో గంటసేపు నానబెట్టాను, అది అందరూ చేసేదే అనుకున్నాను.

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

పసుపు రంగు అంటే వనడేట్ అణువులు పదేసి కలిసి డెకావనడేట్‌గా మారిపోయాయన్నమాట. ఆ రూపంలో ఉన్నంత భాగం మీకు కావలసిన పని చేయదు. 200 మిల్లీమోలార్ ద్రావణం కలిపి పీహెచ్ 10 కు తీసుకురండి. పసుపు తేలుతుంది. ఆ పసుపు పూర్తిగా పోయి నీళ్ళలా అయ్యేదాకా మరగబెట్టండి. చల్లారాక పీహెచ్ చూస్తే మారి ఉంటుంది, మళ్ళీ 10 కు తెచ్చి మళ్ళీ మరగబెట్టండి. రంగు తిరిగి రాకుండా, పీహెచ్ 10 దగ్గర కదలకుండా నిలిచేవరకు ఇలా చేసి, చిన్న గొట్టాల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఈడీటీఏ వనడేట్‌ను పట్టేసుకుంటుంది, డీటీటీ దాన్ని మార్చేస్తుంది. ఆ రెండూ తీసేయండి. పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫేట్లు మోసే ప్రోటీన్ కాబట్టి ఫాస్ఫో యాంటీబాడీలకు పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) వాడడం మేలు. కణాలకు 5 నిమిషాలు పూర్తవగానే పళ్ళేన్ని మంచు మీద పెట్టండి, కడిగే బఫర్ కూడా మంచులో ఉంచినదే కావాలి.

సీనియరు సీసా వాడినందుకు మీరు నొచ్చుకోనవసరం లేదు. టైరోసిన్ మీద ఫాస్ఫేట్ ఉంటుందని 1979 లో సాల్క్ సంస్థలో టోనీ హంటర్ కనుగొన్నది కూడా ఒక పాత బఫర్ వల్లనే. కొత్తగా కలుపుకోకుండా వాడిన ఆ బఫర్ పీహెచ్ 1.9 నుంచి 1.7 కు దిగిపోయింది. అందువల్లనే అప్పటిదాకా ఫాస్ఫోథ్రియొనీన్‌తో కలిసి ఒకే మచ్చగా కనిపించే ఫాస్ఫోటైరోసిన్ విడిగా కనిపించింది.

నల్లకుంట_మాస్టారు రాశారు:

ఇన్ని ఫాస్ఫేట్లు లెక్కపెడుతున్నాం కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ నుంచి. 1925 లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవారు, 1929 లో ఆయనతోనే కలిసి ఏటీపీని వెలికితీసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ పద్ధతితోనే మేము ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫేట్ కొలిచేవాళ్ళం, మోలిబ్డినం నీలం రంగు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

ఇక నా సందేహం. గ్రాహకం పని పూర్తయ్యాక త్వచం లోపలికి గుంటపడి, తిత్తిలా విడిపోయి, గ్రాహకాన్ని మింగేస్తుంది కదా. అక్కడితో కబురు ఆగిపోయినట్టే అని నేను చెబుతూ వచ్చాను. సరేనా?

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

మాస్టారూ, ఒకప్పుడు అందరమూ అలాగే అనుకున్నాం. తిత్తిలో ఉన్నప్పుడు ఈజీఎఫ్ తిత్తి లోపల, గ్రాహకం తోక తిత్తి బయట, అంటే కణద్రవ్యంలోనే ఉంటుంది. కాబట్టి తోకకు గ్రబ్2 రావడం ఆగదు, కబురు కొంతసేపు అక్కడి నుంచీ నడుస్తుంది. ఆగేది తరవాత. సీబీఎల్ అనే ప్రోటీన్ గ్రాహకానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలిస్తే, ఆ గ్రాహకం కణంలో పనికిరానివాటిని కరిగించే లైసోజోమ్ అనే తిత్తికి చేరి ముక్కలవుతుంది. ఇక్కడొక సున్నితమైన విషయం ఉంది. ఈజీఎఫ్, టీజీఎఫ్-ఆల్ఫా అనే రెండు వృద్ధి కారకాలూ ఇదే గ్రాహకానికి అతుక్కుంటాయి. తిత్తి లోపల ఆమ్లత పెరిగినప్పుడు టీజీఎఫ్-ఆల్ఫా పట్టు వదిలేస్తుంది. గ్రాహకం తేరుకుని తిరిగి పైకి వస్తుంది, మళ్ళీ పనికి వస్తుంది. ఈజీఎఫ్ వదలదు, గ్రాహకాన్ని వెంటబెట్టుకునే లైసోజోమ్‌కు పోతుంది. గుమ్మంలో ఒకేలా కనిపించిన ఇద్దరు అతిథుల్లో తేడా వాళ్ళు వెళ్ళిపోయే తీరులో బయటపడుతుంది.

ఎంతసేపు అన్న ప్రశ్నే కణానికి అర్థాన్ని ఇస్తుందనడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ పీసీ12 కణాలు. ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి వచ్చినవి. వాటికి ఈజీఎఫ్ ఇస్తే ఎర్క్ కొద్దిసేపు వెలిగి ఆరిపోతుంది, కణాలు విభజన చెందుతాయి. నాడీ వృద్ధి కారకం ఇస్తే అదే రాస్, అదే రాఫ్, అదే ఎర్క్, కానీ గంటల తరబడి వెలుగుతూ ఉంటుంది. కణాలు విభజన మానేసి నాడీకణాల్లా పొడవాటి తంతువులు చాస్తాయి. దారిలో నడిచినవాళ్ళు మారలేదు. నడిచిన సమయం మారింది. అందువల్ల ఫాస్ఫటేజులనూ గ్యాప్‌నూ లైసోజోమ్‌నూ "సంకేతం ముగిసిన తరవాత శుభ్రం చేసేవి" అని రాసే పాఠాలంటే నాకు బాధగా ఉంటుంది. కబురులో సగం వాటి చేతిలోనే ఉంది.

"వృద్ధి" అన్న పేరు కూడా కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. ఎఫ్‌జీఎఫ్ అనే మరో వృద్ధి కారకాన్ని పట్టుకునే గ్రాహకం 3 లో 380వ గ్లైసీన్ ఆర్జినీన్‌గా మారితే గ్రాహకం అతిగా పనిచేస్తుంది. దాని ఫలితం పొడుగు కాదు, ఎకాండ్రోప్లేసియా అనే పొట్టితనం. ఎముక చివరి ఎదుగుదల పలకలో ఆ గ్రాహకం చెప్పే మాట "ఇక చాలు" అన్నది.

ఓయూ_విద్యార్థిని రాశారు:

పది రోజుల తరవాత రాస్తున్నాను, క్షమించండి. వనడేట్ కలిపాను. మొదటిసారి మరిగించినప్పుడు పసుపు పోయింది, పీహెచ్ సరిచేయగానే మళ్ళీ వచ్చింది. నాలుగోసారికి నీళ్ళలా నిలిచింది. ఈడీటీఏ తీసేసి, బీఎస్ఏ వాడి నిన్న బ్లాట్ చేశాను. ఈజీఎఫ్ వేయని వరుస ఖాళీ. 5 నిమిషాల వరుసలో ఈజీఎఫ్ గ్రాహకం ఉండవలసిన 170 కిలోడాల్టన్ల దగ్గర నల్లని పట్టీ వచ్చింది. చీకటి గదిలో ఫిల్మ్ కడుగుతుండగానే అది తేలడం చూశాను. 60 నిమిషాల వరుసలో పట్టీ ఉంది గానీ పలచబడింది. ఫాస్ఫటేజులు తుడిచేశాయని రాసుకోవచ్చా?

తార్నాక_పరిశోధకురాలు రాశారు:

చాలా సంతోషంగా ఉంది. ఇంకా అలా రాసుకోకండి. 60 నిమిషాలకు పలచబడడానికి రెండు దారులున్నాయి. గ్రాహకం ఉండి ఫాస్ఫేట్ మాత్రం పోయి ఉండవచ్చు, లేదా లైసోజోమ్‌లో గ్రాహకమే కరిగిపోయి ఉండవచ్చు. అదే బ్లాట్‌ను కడిగి, ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా గ్రాహకాన్ని గుర్తించే యాంటీబాడీతో మళ్ళీ చూడండి. 15, 30 నిమిషాల నమూనాలు కూడా తీయండి.

ఓయూ_విద్యార్థిని రాశారు:

సాయంత్రం కడిగి చూశాను మేడమ్. 5 నిమిషాల వరుసలో మొత్తం గ్రాహకం, ఈజీఎఫ్ వేయని వరుసలో ఉన్నంతే ఉంది. 60 నిమిషాలకు గ్రాహకం కూడా తగ్గింది, కానీ ఫాస్ఫేట్ పట్టీ తగ్గినంత కాదు. అంటే రెండూ జరుగుతున్నాయనుకుంటున్నాను. 15, 30 నిమిషాల కోసం ఈ రాత్రికే సీరం తీసేసి కణాలను ఇంక్యుబేటర్‌లో పెట్టి వచ్చాను. రేపు ఉదయం తొమ్మిదికి ఈజీఎఫ్ వేస్తాను.